స్పైడర్ మ్యాన్ డ్రెస్సు ఇంట్లోనే కుడుతున్నాను. సాలెగూడు గీతలు ఎట్లా వేయాలి? జాతర గురించి కూడా ఒక ప్రశ్న

సూదీదారం (తిరుపతి):

అందరికీ నమస్కారం. తిరుపతిలో గాంధీ రోడ్డు నుంచి లోపలికి వచ్చే ఒక సందులో నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా జాకెట్లు, లంగా ఓణీలు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నాను. పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ కూడా చేయించి ఇస్తాను. ఇప్పుడు మాత్రం ఒక పని దగ్గర ఆగిపోయాను. మావాడికి పదమూడేళ్లు. వాడికి స్పైడర్ మ్యాన్ డ్రెస్సు కుట్టాలి.

పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాం. గీతలన్నీ అచ్చు గుద్దినవి, రెండు ఉతుకులకే వెలిసిపోయాయి. వాడు కింద కూర్చోగానే తొడ దగ్గర కుట్టు చీలింది. కళ్ల దగ్గర మందం గుడ్డ వేశారు, ఏమీ కనపడక మేడ మెట్ల మీద పడబోయాడు. ఆ డ్రెస్సు విప్పదీసి లోపలి కుట్లు చూస్తే నాకు చాలా బాధేసింది. ఎవరో పిల్లవాడు ప్రాణంగా చూసుకుంటాడని తెలిసి కూడా అట్లా ఎట్లా కుడతారు?

నాకు ఈ పాత్ర మీద ఇంత ప్రేమ ఎందుకో కాస్త చెబుతాను. నా పెళ్లికి ముందు మా అన్న మద్రాసులో పనిచేసేవాడు. ఒకసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. 1962 నుంచి వచ్చిన మొదటి కథలన్నీ కలిపి, రంగులు లేకుండా నలుపు తెలుపులో వేసిన పుస్తకం అది. నేను పదో తరగతితో ఆపేశాను. నాన్న మిషన్ పక్కన కూర్చుని హుక్కులు, కాజాలు కుట్టడం నా పని. ఇంగ్లీషు అంతంత మాత్రం, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. చాలా మాటలు బొమ్మలు చూసే అర్థం చేసుకున్నాను.

అందులో నాలుగో సంచిక, 1963 నాటిది. ఇసుక మనిషితో పోట్లాటలో స్పైడర్ మ్యాన్ ముసుగు చిరుగుతుంది. ముఖం బయటపడుతుందని పోట్లాట వదిలేసి వెళ్లిపోతాడు. ఇంటికి వెళ్లి, తన గదిలో కూర్చుని, సూదీ దారం తీసుకుని ఆ చిరుగు కుట్టుకుంటాడు. ఆ బొమ్మ చూసినప్పుడు నా చేతిలో కూడా సూది ఉంది. ఇప్పటికీ ఆ మధ్యాహ్నం నాకు గుర్తుంది. వీధిలో ఐస్ బండి గంట, నాన్న మిషన్ చప్పుడు, నా ఒళ్లో ఎవరిదో ఆకుపచ్చ జాకెట్టు.

అంత బలవంతుడికి బట్టలు కుట్టిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. డబ్బు లేదు, ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉంది, ఆవిడకు తెలియకూడదు. అందుకని తనే కుట్టుకున్నాడు. గోడలు ఎక్కడం, ఎగరడం అందరికీ ఇష్టం. నాకు మాత్రం ఆ కుట్టు ఇష్టం. ఆ పుస్తకం అట్ట ఊడిపోతే నేనే దారంతో కట్టుకున్నాను. ఇప్పుడు మావాడు అదే పుస్తకం చదువుతున్నాడు.

హైదరాబాద్‌లో కామిక్ కాన్ (బొమ్మల కథల అభిమానులు ఆ పాత్రల వేషాల్లో వచ్చే వేడుక) జరిగినప్పుడు వాణ్ణి తీసుకుపోతానని మాట ఇచ్చాను. అందుకే డ్రెస్సు. నాకు తెలియాల్సినవి ఇవి:

నాలుగు వైపులా సాగే లైక్రా గుడ్డ తెచ్చాను, ఎరుపు రెండు మీటర్లు, నీలం మీటరున్నర. నా మిషన్ మీద మామూలు కుట్టు వేస్తే లాగినప్పుడు దారం పటపటా తెగుతోంది. అక్కడక్కడా కుట్టు పడకుండా దాటిపోతోంది కూడా. ఏం చేయాలి? సాలెగూడు గీతలు నల్లదారంతో ఎంబ్రాయిడరీ చేద్దామనుకున్నాను గానీ అప్పుడు గుడ్డ సాగదు. మరి దేంతో గీయాలి? కళ్లకు బయటినుంచి తెల్లగా కనిపించాలి, లోపలినుంచి దారి కనిపించాలి, అది ఎట్లా?

ఇంకొకటి. జనం వేషాలు వేసుకుని మొక్కు తీర్చుకునే మా ఊరి గంగమ్మ జాతరకు కూడా, ఈ డ్రెస్సు పూర్తయితే, ఇదే వేసుకుంటానని వాడి పట్టుదల. మా అత్త ఒప్పుకోవడం లేదు. అమ్మవారి ముందు సాలీడు వేషమేంటి అంటోంది. ఆమె మాట తీసిపారేయలేను, వీడి ముఖం చూస్తే కాదనలేను. మీరైతే ఏం చేస్తారు?

---

ఓవర్‌లాక్ రేణిగుంట:

అక్కా, నేను స్కూలు యూనిఫారాలు, డ్యాన్సు డ్రెస్సులు కుట్టే యూనిట్‌లో పనిచేస్తున్నా. మీ సమస్య సూదిలో ఉంది. మామూలు సూది మొన లైక్రా పోగును పొడిచి తెంపుతుంది, లేదంటే గుడ్డను కిందికి తోసేసి కుట్టు దాటేస్తుంది. సాగే గుడ్డకు గుండు మొన సూది వస్తుంది, బాల్ పాయింట్ అని అడగండి, 11 నంబరు తీసుకోండి. కుట్టు సన్నని జిగ్‌జాగ్ వేయాలి. మీ మిషన్‌లో జిగ్‌జాగ్ లేకపోతే కుట్టేటప్పుడు ముందు చేత్తో, వెనక చేత్తో గుడ్డను కొద్దిగా లాగి పట్టుకోండి. కుట్టులో దారం ఎక్కువ పడుతుంది, లాగినా తెగదు. తర్వాత అంచులు ఓవర్‌లాక్ చేయించండి. కాటన్ దారం వద్దు, పాలిస్టర్ వాడండి.

కటింగ్ సంగతి. జాకెట్టుకు మనం లూజు కలుపుతాం కదా, దీనికి తీసేయాలి. ఛాతీ 28 అంగుళాలుంటే 25, పాతికన్నర పెట్టండి. చుట్టుకొలతలో మాత్రమే తగ్గించండి. పొడవులో తగ్గిస్తే భుజాల దగ్గర లాగేసి పిల్లవాడు వంగలేడు. పిర్రల కింద, చంకల కింద డైమండ్ ముక్క వేయండి. మీరు తెప్పించిన డ్రెస్సు చీలింది అక్కడే కదా.

గీతలకు త్రీడీ ఫ్యాబ్రిక్ పెయింట్ ట్యూబులు దొరుకుతాయి, నల్లది తీసుకోండి. గుడ్డను బల్లమీద పరిచి గీయకండి. తొడుక్కోగానే గుడ్డ సాగి గీత పగులుతుంది, వంకర కూడా పోతుంది. ఒంటిమీద ఉన్నంత సాగదీసి గీయాలి. పిల్లవాణ్ణి గంటలకొద్దీ నిలబెట్టలేం కాబట్టి వాడికొక బొమ్మ చేయండి. పాత టీషర్టు తొడిగి దానిమీద వెడల్పు ప్యాకింగ్ టేపు ఒళ్లంతా బిగువుగా చుట్టండి, ఊపిరి ఆడనంత బిగించకండి. తర్వాత వెనక నిలువునా కత్తిరించి తీసేసి, మళ్లీ టేపు అంటించి, లోపల పేలికలు కూరండి. మీ షాపులో పేలికలకు కొదవుండదు కదా! అచ్చం మీవాడి కొలతల బొమ్మ తయారవుతుంది. దానికి డ్రెస్సు తొడిగి గీయండి. ముందు ముక్కమీద గీసి చూసుకోండి. ఆరడానికి రాత్రంతా వదిలేయాలి. మూడు రోజులు నీళ్లు తగలనీయకండి, ఆ తర్వాత తిరగేసి చన్నీళ్లలో చేత్తో ఉతకడమే. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానీయొద్దు.

---

కట్టమంచి పాఠకుడు (చిత్తూరు):

అమ్మా, మీ నాలుగో సంచిక సంగతి చదివి నేను లేచి నా బీరువా తెరిచాను. ముప్పై ఏళ్లుగా ఈ కథలు చదువుతున్నాను. ఆ చిరుగు కుట్టుకునే బొమ్మ గురించి ఇట్లా చెప్పినవాళ్లను ఇప్పటిదాకా చూడలేదు. కుట్టు గురించి నాకు తెలియదు. మీకు ఒక విషయం చెప్పాలని మాత్రం చేతులు ఆగడం లేదు.

1938లో సూపర్ మ్యాన్‌ను తయారుచేసిన ఇద్దరు కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్. షుస్టర్ వాళ్ల నాన్న టైలరు. సీగెల్ వాళ్ల నాన్నది కూడా బట్టల పనే, క్లీవ్‌లాండ్‌లో దుకాణం ఉండేది. 1932లో దుకాణంలో దొంగతనం జరిగినప్పుడే ఆయన చనిపోయాడు. 1939లో బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. ఆయనకు ఆ నల్లని ముసుగు, రెక్కల్లాంటి వస్త్రం సూచించినవాడు బిల్ ఫింగర్. అతని తండ్రి టైలరు. కెప్టెన్ అమెరికాను గీసిన జాక్ కిర్బీ తండ్రి న్యూయార్క్‌లో బట్టల ఫ్యాక్టరీ కార్మికుడు. మీ స్పైడర్ మ్యాన్ కథ రాసిన స్టాన్ లీ తండ్రి డ్రెస్ కటర్, మీ భాషలో కటింగ్ మాస్టర్. 1930ల ఆర్థిక మాంద్యంలో పని సరిగా దొరక్క ఆ కుటుంబం చాలా ఇబ్బంది పడింది.

వాళ్లలో చాలామంది బతుకుతెరువు కోసం ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు. ఇరుకు ఇళ్లు, ఇంటినిండా గుడ్డ ముక్కలు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు లోకంలో ఎవరూ తొడుక్కోని బట్టలు ఊహించి వీరులకు తొడిగారు. ఇది చదివిన రోజు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మీవాడికి తప్పకుండా చెప్పండి.

వాళ్లకు అన్యాయం కూడా జరిగింది. సీగెల్, షుస్టర్‌లు సూపర్ మ్యాన్ హక్కులు 130 డాలర్లకు రాసిచ్చేశారు. చాలా పోరాటం తర్వాత 1975లో గానీ పింఛను, బొమ్మ కింద వాళ్ల పేర్లు రాలేదు. బిల్ ఫింగర్ 1974లో చనిపోయాడు. బ్యాట్‌మ్యాన్ సృష్టిలో అతని భాగం ఉందని పేరు వేయడానికి 2015 దాకా పట్టింది. కుట్టినవాడి పేరు బట్టమీద ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక డ్రెస్సు. ఆ దుస్తులు గీసింది స్టీవ్ డిట్కో. పాత బొమ్మలు జాగ్రత్తగా చూడండి. ముసుగు మీద నిలువు గీతలన్నీ రెండు కళ్ల మధ్య, ముక్కు మొదట్లో ఒకే చుక్కలో కలుస్తాయి. అడ్డగీతలు నేరుగా ఉండవు. తోరణం తాడు రెండు మేకుల మధ్య కిందికి జారినట్టు ప్రతి గీతా ఆ చుక్క వైపుకు వంగి ఉంటుంది. ఆ వంపు తిరగబడితే చేపల వలలా కనిపిస్తుంది. మొదట చుక్క పెట్టుకుని, నిలువు గీతలు పూర్తిచేసి, తర్వాతే అడ్డగీతలు వేయండి. తొలినాళ్ల బొమ్మల్లో చంక కింద కూడా చిన్న సాలెగూడు ఉంటుంది. అది పెడితే తెలిసినవాళ్లు ఎగిరి గంతేస్తారు.

ముఖమంతా కప్పేయడం డిట్కో ఆలోచనే. లోపలున్నది కుర్రాడని తెలియకూడదని అట్లా గీశాడు. ఒంటిరంగు ఎక్కడా కనిపించదు. అందుకే ఆ ముసుగు చిత్తూరు పిల్లవాడికీ సరిపోతుంది.

---

కొర్లగుంట ఫ్యాన్:

అక్కా, కళ్లకు సులువు మార్గం ఉంది. ఫ్లెక్స్ షాపులో వన్ వే విజన్ స్టిక్కర్ అడగండి. బస్సుల అద్దాలమీద ప్రకటనలు అంటిస్తారు చూడండి, సన్నసన్న చిల్లులుంటాయి, అదే. బయటికి తెలుపు, లోపల నలుపు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద అంటించి కంటి ఆకారంలో కత్తిరించండి. చుట్టూ నల్ల ఫోమ్ షీటు అంచు పెట్టండి. చూపు పూర్తిగా రాదు, సాయంత్రమైతే ఇంకా తగ్గుతుంది. మెట్ల దగ్గర ముసుగు పైకెత్తమనండి. ముక్కు కింద గాలి ఆడేలా చూడండి.

జాతర సంగతిలో నా మాట, వేయనివ్వండి. ఇప్పుడు జాతరలో సినిమా వేషాలు కూడా వేస్తున్నారు కదా. వాడికి ఇష్టమైన రూపంలో అమ్మవారి దగ్గరికి పోతే తప్పేముంది? నేను పన్నెండేళ్ల వయసులో మైల్స్ మొరాలెస్ కథ చదివాను. 2011లో వచ్చిన ఇంకో స్పైడర్ మ్యాన్, నల్లజాతి తండ్రికీ ప్యూర్టో రికో తల్లికీ పుట్టిన పిల్లవాడు. 2018లో వచ్చిన సినిమాలో పాత డ్రెస్సు మీద తనే రంగు చల్లి నలుపు, ఎరుపులో తనది తాను చేసుకుంటాడు. మీవాడిని కూడా తనది తాను చేసుకోనివ్వండి. మే నెల ఎండలో లైక్రా ఉడికిస్తుంది, అదొక్కటే నా భయం.

---

తపస్సు మాను (పుత్తూరు వైపు):

అమ్మా, మా వూళ్లో భారతం జరిగేటప్పుడు నేను భీముడి వేషం కడతాను. పగలు హరికథ, రాత్రి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ. పద్దెనిమిదేళ్లుగా కడుతున్నాను. కాబట్టి వేషం గురించి నాలుగు మాటలు చెప్పొచ్చనుకుంటున్నాను.

తమ్ముడు చెప్పినదాన్ని నేను ఒప్పుకోను. జాతరలో వేషం అంటే ఇష్టమైనవాడిలా తయారవడం కాదు. ఆడవాళ్లను వేధించే పాలెగాడు, అంటే ఆ సీమను ఏలేవాడు, గంగమ్మకు భయపడి దాక్కుంటే ఆమె రోజుకో వేషంలో వాణ్ణి వెతికింది. బైరాగి, బండ, తోటి, దొర. దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడ్డాడు, తల తీసింది. ఆ తర్వాతి రోజు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చింది. జనం ఏ రోజు ఆ రోజు వేషం వేసుకునేది అమ్మవారి వెంట నడవడానికి. అది మొక్కు. మీ అత్తగారు అడ్డుపడుతున్నది సాలీడు వేషం అని కాదు, ఆ వరసలో దానికి చోటు లేదని. ఆమె చెప్పింది సరైన మాట.

కానీ పిల్లవాడికి వద్దని ఊరికే చెబితే వాడికి రెండూ దూరమవుతాయి. ఈ కథ చెప్పండి. అమ్మవారు కూడా ముఖం దాచుకుని దుర్మార్గుడిని వెతికిందని తెలిస్తే స్పైడర్ మ్యాన్‌ను ప్రేమించే పిల్లవాడికి అర్థం కాకుండా పోదు. బండ వేషం వేయించండి, ఒంటినిండా కుంకుమతో. వాడికి చాలా నచ్చుతుంది.

ఇంకోమాట. ముసుగు వేస్తే ముఖం పోతుంది. నాకు భీముడి వేషంలో కళ్లు, మీసాలు ఉంటాయి, కోపం చూపించగలను. వాడికి ఏమీ ఉండవు, మెడ, భుజాలు, వేళ్లతోనే మాట్లాడాలి. అద్దం ముందు ముసుగుతో కూర్చోబెట్టండి. భయం, దిగులు, ఆలోచన, ఒక్కొక్కటి ఒళ్లుతో చూపించమనండి. గొంతుక్కూర్చుని తల పక్కకు వంచే భంగిమ ఒక్కటి కుదిరితే డ్రెస్సులో చిన్న లోపాలు ఎవరికీ కనపడవు.

---

కట్టమంచి పాఠకుడు (చిత్తూరు):

పుత్తూరు అన్న చెప్పింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. 2004లో మన దేశం కోసమే ఒక స్పైడర్ మ్యాన్ కథ తయారైంది. ముంబై కుర్రాడు, పేరు పవిత్ర్ ప్రభాకర్. పైన అదే ఎర్రటి ముసుగు, కింద పంచె కట్టినట్టుండే వస్త్రం. మీవాడికి బిగుతు లైక్రాతో నలుగురిలో తిరగడం సిగ్గుగా ఉంటే ఆ పద్ధతి ఆలోచించండి. పదమూడేళ్లకు ఆ సిగ్గు ఉంటుంది.

---

సూదీదారం (తిరుపతి):

అందరికీ ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పది రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

రేణిగుంట తమ్ముడూ, గుండు మొన సూది దొరికింది. మొదటి కాలు కుట్టి మోకాలు మడిచి లాగి చూశాను. దారం తెగలేదు, ఒక్క కుట్టు కూడా దాటలేదు. ఇన్నేళ్లు మిషన్ తొక్కి ఇంత చిన్న సంగతి నాకు తెలియలేదు. టేపు బొమ్మ కూడా చేశాం, పేలికలు నాలుగు సంచులు పట్టాయి. షాపులో మూల నిలబెడితే జాకెట్టు కొలతలకు వచ్చిన ఒకావిడ ఉలిక్కిపడింది.

చిత్తూరు అన్నా, మీరు రాసింది రాత్రి అన్నాలు తిన్నాక మావాడికి చదివి వినిపించాను. కటింగ్ మాస్టర్ కొడుకు అనగానే మళ్లీ చదవమన్నాడు. మా నాన్న చనిపోయి ఆరేళ్లయింది. ఆయన కత్తెర ఇప్పటికీ నేనే వాడుతున్నాను. మావాడు లేచి వెళ్లి ఆ కత్తెర చేతిలోకి తీసుకుని చూశాడు. ఇన్నాళ్లూ వాడు దాన్ని ముట్టుకోలేదు.

పంచె పద్ధతి అడిగితే వద్దన్నాడు. నాలుగో సంచికలో ఎట్లా ఉందో అట్లాగే కావాలట. చంక కింద గూడు కూడా పెట్టాలట. దానికి పాత నల్ల నెట్ దుపట్టా ముక్క సరిపోయింది.

గీతలు వేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. ముక్కు దగ్గర చుక్క పెట్టి, అక్కడినుంచి నిలువు గీతలు నేను గీశాను. అడ్డగీతలు వాడు గీశాడు. మా ఇంటి గుమ్మం తోరణం చూసుకుంటూ ఒక్కొక్క వంపు దిద్దాడు. ఎడమ చెవి దగ్గర రెండు గీతలు అలుక్కుపోయాయి. చెరిపి మళ్లీ వేద్దామన్నాను. ఆ చోటు పోట్లాటలో దెబ్బతిన్నట్టుంది, ఉంచమ్మా అన్నాడు. కళ్లు కొర్లగుంట తమ్ముడు చెప్పినట్టే చేశాం. వరండాలో అటూ ఇటూ నడిపించాను, గడప దాటేటప్పుడు మాత్రం తల వంచి చూసుకోవాల్సి వస్తోంది.

జాతర సంగతి పుత్తూరు అన్న మాట ప్రకారమే. కొర్లగుంట తమ్ముడు ఏమీ అనుకోకూడదు. పాలెగాడి కథ మా అత్తనే చెప్పమన్నాను. నేను చెప్పే కథ కంటే ఆమె చెప్పేది చాలా బాగుంటుంది, చిన్నప్పటినుంచి చూసింది. మాతంగి ఓదార్పు దగ్గరికి వచ్చేసరికి వాడు ఒక ప్రశ్న అడిగాడు. చంపినావిడే వచ్చి ఓదార్చిందా అని. అవును అంది మా అత్త. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. బండ వేషం వేస్తానని తర్వాత తనే చెప్పాడు. ఆ రోజు కుంకుమ తనే పూస్తానని మా అత్త చెప్పింది.

డ్రెస్సు ఇంకా పూర్తి కాలేదు. నిన్న రాత్రి ముసుగు తెచ్చి నా ముందు పెట్టి, నుదుటి దగ్గర ఒక అంగుళం చింపమన్నాడు. నాకు చేయి రాలేదు. వాడే నాన్న కత్తెరతో చింపాడు. తర్వాత నా పక్కన స్టూలు వేసుకుని, సూదిలో దారం ఎక్కించుకుని కుట్టడం మొదలుపెట్టాడు. కుట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, నేను ఏమీ అనలేదు. ఎర్రదారం తీసి ఇచ్చాను, గుడ్డలో కలిసిపోతుందని. వద్దన్నాడు. నల్లదారం కావాలట, కుట్టు కనిపించాలట.